గ్యారంటీ నోటి మాట, వారంటీ కార్డు మాట

ప్రశ్న: మాది తణుకు. ఇంటి ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. కరెంటు పోయినా పని ఆగకూడదని 27 నెలల క్రితం ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ వేయించాను. 15,000 రూపాయలు. "నాలుగేళ్ల గ్యారంటీ అమ్మా, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు కొట్టు యజమాని. బిల్లు మీద కూడా పెన్నుతో "గ్యారంటీ 48 నె." అని రాసి ఇచ్చాడు. ఇప్పుడు ఆ బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగడం లేదు. తీసుకెళ్తే పరీక్షించి, ఒక సెల్ పోయిందన్నారు. కొత్తది ఇవ్వమంటే, "గ్యారంటీ రెండేళ్లే, అది అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది వారంటీ" అంటున్నారు. కొత్త బ్యాటరీ ఎమ్మార్పీ 19,000 అట, దాని మీద 30 శాతం తగ్గిస్తారట, పాతది మాత్రం వాళ్లకే ఇచ్చేయాలట. గ్యారంటీ, వారంటీ రెండూ ఒకటే అనుకున్నాను. వేరువేరా? ఇంకో సంగతి. మా మరిది ట్రాలీ ఆటో కొనడానికి అప్పు తీసుకుంటున్నాడు. నన్ను గ్యారంటీ సంతకం పెట్టమంటున్నాడు. అది కూడా ఇలాంటి గ్యారంటీయేనా?

జవాబు: సంతకం సంగతి చివర చెబుతాను. అందాకా పెన్ను మూత తీయకండి.

ముందు బ్యాటరీ. మీరు బిల్లుతో పాటు పంపిన కార్డు ఫొటోను పెద్దది చేసి చదివాను. అందులో "24 + 24" అని పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో, మొదటి 24 నెలలూ ఉచితంగా మార్పిడి అని, తరువాతి 24 నెలలూ "ప్రో రేటా వారంటీ" అని ఉంది. మీ కొట్టు యజమాని ఈ రెండు ఇరవై నాలుగులనూ కూడి, మొత్తానికి గ్యారంటీ అని పేరు పెట్టాడు. కూడిక సరైనదే. పేరే తప్పు.

ఆ పేరు ఆయన నోటికి అంత తేలిగ్గా ఎందుకు వచ్చిందంటే, గ్యారంటీ ఇప్పుడు అచ్చంగా తెలుగు మాటే అయిపోయింది. "రేపు గ్యారంటీగా వస్తాడు", "ఈసారి గ్యారంటీగా పాసవుతుంది", "ఆ మబ్బు చూస్తే వాన గ్యారంటీ" అంటాం. "తప్పకుండా" అనవలసిన ప్రతిచోటా అది కూర్చుంటుంది. "రేపు వారంటీగా వస్తాను" అన్న మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. వారంటీ ఇంకా అట్టపెట్టెలోంచి బయటకు రాలేదు. అమ్మే మనిషి "నాలుగేళ్ల గ్యారంటీ" అన్నప్పుడు మన చెవికి వినిపించేది "నాలుగేళ్లు తప్పకుండా పనిచేస్తుంది" అని. ఆయన ఉద్దేశం "నాలుగేళ్లదాకా ఏదో ఒక రకం కాగితం నడుస్తుంది" అని. మీకూ ఆయనకూ మధ్య వచ్చిన తగాదా అంతా ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీలో ఉంది.

తమాషా ఏమిటంటే ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. ఇప్పటి ఫ్రాన్సును ఒకప్పుడు ఏలిన ఫ్రాంకులనే జాతి భాషలో, అండగా నిలవడం, కాపు కాయడం అనే అర్థమున్న పాత మాట ఒకటి ఫ్రెంచిలోకి చేరింది. ఫ్రాన్సు ఉత్తర తీరాన ఉండే నార్మన్ల నోట అది "వ"తో నిలిచింది, పారిస్ వైపు "గ" అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక "వ" మాట వాళ్ల వెంట అక్కడికి వెళ్లింది. ఆ తరువాత కాలంలో "గ" మాట వేరే దారిన వచ్చి చేరింది. ఇంగ్లీషువాళ్లు ఒకే సరుకును రెండుసార్లు దిగుమతి చేసుకుని, రెండు డబ్బాల్లో పోసుకున్నారన్న మాట. హాస్టలు వార్డెను, బడి ఫారం మీద సంతకం పెట్టే గార్డియను కూడా ఇటువంటి జంటే. పుట్టుకలో తేడా లేదు కాబట్టి నిఘంటువు తిరగేసినా మీ బ్యాటరీకి న్యాయం దొరకదు. తేడాను తయారుచేసుకున్నది బజారు.

బజారు లెక్క ఇది: చెడిపోతే కొత్తది ఇస్తే గ్యారంటీ, బాగుచేసి ఇస్తే వారంటీ. మన దేశంలో కొట్లవాళ్లూ కొనేవాళ్లూ చాలామంది ఇలాగే అనుకుంటారు. బ్యాటరీల వ్యాపారంలో దీనికి మూడోది కలిసింది. వాడుకున్న కాలానికి కోత వేసి, మిగిలిన కాలానికి తగ్గింపు ఇవ్వడం. ప్రో రేటా అంటే అదే, మన మాటలో దామాషా. వాడకంలో ఉన్నంతవరకూ ఈ తేడా ఉపయోగపడేదే, కాదనను. కానీ దీన్ని చట్టం అనుకుంటే పొరపాటు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ రెండు మాటలనూ "లేదా" పెట్టి పక్కపక్కన రాసేసింది. సరైన పరీక్షలు చేయకుండా వస్తువు పనితీరుకో మన్నికకో "వారంటీ లేదా గ్యారంటీ" ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి అన్నది. తప్పుదారి పట్టించేలా వారంటీ, గ్యారంటీ మాటలు చెప్పడమూ అంతే. ఏది గొప్పది, ఏది తక్కువది అన్న పంపకం అందులో లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఉంది. అక్కడ వారంటీకి జత గ్యారంటీ కాదు, షరతు. ఒప్పందానికి ప్రాణంలాంటి మాట షరతు, అది తప్పితే సరుకు తిప్పికొట్టవచ్చు. పక్కనున్న చిన్న మాట వారంటీ, అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గానీ సరుకును తిప్పికొట్టే హక్కు రాదు. అంటే వకీలు నోట వారంటీ ఒకటి, బ్యాటరీ కార్డులో వారంటీ ఇంకొకటి. ఆ కొట్టులో ఎవరైనా మీకు చట్టం వల్లిస్తే ఏ చట్టమో అడగండి.

నేను ఎవరికి చెప్పినా ఒకటే చెబుతాను. కార్డు మీద పేరు చదవడం మానేసి క్రియ చదవండి. మారుస్తాం అని ఉందా, బాగుచేస్తాం అని ఉందా, తగ్గిస్తాం అని ఉందా, డబ్బు తిరిగి ఇస్తాం అని ఉందా? వారంటీ అని పేరు పెట్టి "మారుస్తాం" అని రాసిన కార్డు, గ్యారంటీ అని పేరు పెట్టి "మా నిర్ణయమే తుది నిర్ణయం" అని రాసిన కార్డు కంటే ఎంతో మేలు. ఆ క్రియకు కర్త ఎవరో కూడా చూడండి. కంపెనీయా, కొట్టా? కర్మ ఏదో కూడా చూడండి. మొత్తం వస్తువా, అందులో ఒక భాగమా?

కర్మ సంగతి నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. మా ఫ్రిజ్ తలుపు మీద "పదేళ్లు" అని బంగారు రంగు స్టిక్కరు ఉండేది. నాలుగో ఏట చల్లదనం పోయింది. మెకానిక్కు వచ్చి కంప్రెసరు పోయిందన్నాడు. పదేళ్లున్నాయి కదా అని నిశ్చింతగా కాఫీ కూడా ఇచ్చాను. కంప్రెసరుకు నిజంగానే డబ్బు తీసుకోలేదు. దాన్ని బిగించినందుకు కూలి, గ్యాసు నింపినందుకు ఖర్చు, వచ్చి చూసినందుకు రుసుము, వాటి మీద పన్ను కలిపి 3,800 రూపాయల బిల్లు చేతిలో పెట్టాడు. ఆ స్టిక్కరును అప్పుడు దగ్గరగా చూశాను. "పదేళ్లు" కింద గోరుతో గీకితే తప్ప కనిపించని అక్షరాల్లో "కంప్రెసరుకు మాత్రమే" అని ఉంది.

ఇక మీ లెక్క చూద్దాం. 19,000 ఎమ్మార్పీ మీద 30 శాతం అంటే 5,700. మీరు కట్టవలసింది 13,300. పాత బ్యాటరీ వాళ్లకే. వినడానికి బాగానే ఉంది. కానీ ఎమ్మార్పీకి బ్యాటరీ కొనేవాళ్లు ఎవరండీ? మీరు ఉత్తరం చివర రాసిన వాక్యం అసలు గుట్టు బయటపెట్టింది. అదే బ్యాటరీని ఎవరికైనా 15,500కు ఇస్తామని, పాత బ్యాటరీ తెస్తే దానికి 2,500 తగ్గిస్తామని అదే కొట్టులో పక్క మనిషితో చెబుతుంటే విన్నానన్నారు. అంటే ఏ కార్డూ లేకుండా, దారిన పోయే మనిషిలా వెళ్లి పాత బ్యాటరీ ఇచ్చి కొత్తది తెచ్చుకుంటే 13,000. వారంటీ వాడుకుంటే 13,300. రెండేళ్లు బీరువాలో భద్రంగా దాచిన కార్డు విలువ మీకు మైనస్ 300 రూపాయలు.

ఇది మోసమా అని అడిగితే, కార్డులో రాసి ఉన్నంతవరకూ కాదనే చెప్పాలి. తగ్గింపు ఎమ్మార్పీ మీద అని రాశారు, పాతది అప్పగించాలని రాశారు. కాకపోతే ఇలాంటి దాన్ని వారంటీ అనడానికి నాకు నోరు రాదు. అది మళ్లీ ఆ కంపెనీ సరుకే కొనమని ఇచ్చే కూపను. దామాషా కాలంలో బ్యాటరీ పోయిన ప్రతివారూ కొట్టుకు వెళ్లే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకోవాలి. తగ్గింపు శాతం 45, 50 దగ్గర ఉంటే వారంటీయే లాభం. నెలలు గడిచి శాతం దిగేకొద్దీ అది కాగితంగా మిగులుతుంది. ఉచితంగా మార్చి ఇచ్చిన చోట కూడా ఒక మెలిక ఉంటుంది. చాలా కార్డుల్లో కొత్త బ్యాటరీకి కొత్తగా నాలుగేళ్లు మొదలు కావు, పాతదానికి మిగిలిన కాలమే దీనికి సంక్రమిస్తుంది.

అయితే మీరు కార్డు ఒక్కటే పట్టుకుని నిలబడలేదు. మీ చేతిలో బిల్లు ఉంది. నీలం సిరాతో, కొంచెం వంకరగా, "గ్యారంటీ 48 నె." అని రాసి, కింద కొట్టు ముద్ర. మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువ విలువైనది అదే. కార్డు కంపెనీ మాట. బిల్లు మీద రాత అమ్మినవాడి మాట. కంపెనీ 24 నెలలే అన్నా, కొట్టు తన చేత్తో 48 అని రాసింది. ఉచిత మార్పిడి రెండేళ్లకే పరిమితమని తెలిసి కూడా ఆ మాట వాడడం కొనేవారిని తప్పుదారి పట్టించడమేనని మీరు గట్టిగా వాదించవచ్చు. గెలుపు ఖాయమని చెప్పను. అవతలివాళ్లు "24 + 24 కలిపి 48 అని మా ఉద్దేశం" అంటారు. కానీ సాధారణ కొనుగోలుదారుకు ఆ రాత చూస్తే ఏమి అర్థమవుతుంది అన్నదే అక్కడ ప్రశ్న. అందులో మీదే పైచేయి అని నా అభిప్రాయం.

"మీరు వ్యాపారానికి వాడుతున్నారు కాబట్టి వినియోగదారు కారు" అని కూడా అనవచ్చు. బెదరకండి. వ్యాపార ప్రయోజనానికి కొన్నవారిని చట్టం వినియోగదారులుగా చూడదన్న మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం తానే వాడుకునేందుకు కొన్న వస్తువుకు అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. రెండు మిషన్లు పెట్టుకుని మీ చేత్తో మీరు కుట్టుకుంటున్నారు. అది స్వయం ఉపాధి కాక మరేమిటి?

చేయవలసింది ఇది. ముందు పరీక్ష ఫలితం కాగితం మీద రాయించుకోండి. 12 ఓల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. లోపలి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచి ఒక్కొక్క దాని రీడింగు చూస్తారు. అయిదింట దాదాపు ఒకేలా ఉండి ఒకదానిలో మాత్రం బాగా పడిపోయి ఉంటే ఆ ఆరు అంకెలూ తేదీతో సహా రాసి ఇమ్మనండి. నీళ్లు ఎండబెట్టడం వంటి వాడకం తప్పయితే సాధారణంగా అన్నీ దెబ్బతింటాయి. ఒక్క సెల్ పోవడం తయారీ లోపం వైపు చూపే గుర్తు. డిస్టిల్డ్ వాటరు కొన్న చీటీలు ఉంటే వాటినీ కలిపి పెట్టండి. "మీరు కుళాయి నీళ్లు పోశారు" అన్నది ఈ వ్యాపారంలో మొదట వినిపించే మాట.

తరువాత కొట్టుకూ, కంపెనీకీ ఒక పేజీ మించకుండా ఉత్తరం రాయండి. కొన్న తేదీ, బిల్లు మీద రాసిన మాట, పరీక్ష ఫలితం, మీరు కోరుతున్నది, పదిహేను రోజుల గడువు. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. దీంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. చాలా తగాదాలు ఇక్కడే తెగిపోతాయి, ఎందుకంటే కంపెనీకి ఒక బ్యాటరీ కంటే ఒక కేసు ఖర్చెక్కువ. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. తగాదా పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. మీకు కాదన్నది ఈ నెలలోనే కాబట్టి ఆ గొడవ లేదు.

ఈలోగా పని ఆగకూడదు కదా. కొత్త బ్యాటరీ కొనక తప్పకపోతే కొనండి, వేరే కొట్టులోనైనా సరే. కానీ పాతది మార్పిడికి ఇచ్చేయకండి. అది మీ సాక్ష్యం. కమిషను కావాలంటే దాన్ని పరీక్షకు పంపవచ్చు. దాని విలువ సీసం బరువులో ఉంది, మూలన ఉన్నంత మాత్రాన కరిగిపోదు. నిటారుగా, పిల్లలకు అందని చోట, గాలి తగిలేలా పెట్టండి. లోపల ఉన్నది యాసిడ్.

రేపు ఇంకేదైనా కొంటున్నప్పుడు "పొడిగించిన వారంటీ" అని మరో వెయ్యో రెండు వేలో కట్టమంటారు. అది చాలాసార్లు వస్తువు చేసిన కంపెనీది కానే కాదు, వేరే సంస్థ అమ్మే సేవా ఒప్పందం. క్రియ, కర్త, కర్మ అక్కడా చూడండి.

ఇక మరిదిగారి సంతకం. లేదు, ఇది ఆ గ్యారంటీ కాదు. దీనికి మన భాషలో ఇంతకంటే సూటి మాట ఉంది. పూచీకత్తు. పెద్దవాళ్లు జామీను అనేవారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇందులో ముగ్గురు ఉంటారు: అప్పు ఇచ్చేవారు, తీసుకునేవారు, పూచీ పడేవారు. తీసుకున్నవారు కట్టకపోతే నేను కడతాను అన్నది ఆ ఒప్పందం. బ్యాటరీ విషయంలో గ్యారంటీ మీకు ఇచ్చేది. ఇక్కడ గ్యారంటీ మీరు ఇచ్చేది. మాట ఒకటే గానీ బల్లకు అటువైపు కుర్చీలో మీరు కూర్చుంటున్నారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ముందు అప్పు తీసుకున్నవారిని అడిగి, వారి ఆస్తులన్నీ అయిపోయాకే మన దగ్గరకు వస్తారనుకుంటాం. అలా కాదు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, పూచీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. వాయిదా తప్పితే నేరుగా మీ ఇంటికే నోటీసు రావచ్చు. అసలుతో పాటు వడ్డీ, జరిమానా రుసుములు కూడా మీ మీదకు రావచ్చు. రేపు కుట్టు మిషన్ల కోసం మీరు అప్పుకు వెళ్తే ఈ పూచీ మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. మీరు కట్టవలసి వస్తే, ఆ మొత్తాన్ని మరిదిగారి నుంచి రాబట్టుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఇంట్లో మనిషి మీద ఆ హక్కు వాడుకోవడం ఎంత సులువో మీకే తెలుసు.

పెట్టవద్దని నేను అనను. అతని సంపాదన, మీ ఇంటి సంగతులు మీకు తెలిసినట్టు నాకు తెలియవు. పెట్టేట్టయితే ఖాళీ ఫారం మీద పెట్టకండి. అంకెలన్నీ నింపాకే పెట్టండి. మీ పూచీ ఇంత మొత్తానికే అని పరిమితి రాయించగలరేమో అడగండి. ఒప్పందం నకలు ఆ రోజే తీసుకోండి. "తరువాత పంపిస్తాం" అంటే, తరువాతే సంతకం పెడతానని చెప్పండి.

బ్యాటరీ కొట్టుకు వెళ్లినప్పుడు అసలు బిల్లు ఇంట్లో ఉంచి జెరాక్సు పట్టుకెళ్లండి. పరీక్ష కాగితం కోసం అసలు బిల్లు చూపించమంటే ఫోనులో ఫొటో చూపించండి. ఆ నీలం సిరా రాత మీ దగ్గర ఒక్క ప్రతే ఉంది.